వెనక నిలబడే మనిషి

దయానంద్ వచ్చి నిలబడితే చాలు, ఆగిన ప్రింటర్ కదులుతుందని ఆ ఆఫీసులో అందరికీ తెలుసు. దాన్ని నమ్మకం అనడం కూడా తక్కువే. నమ్మకాల గురించి మనుషులు అప్పుడప్పుడు వాదించుకుంటారు. దీని గురించి ఎవరూ వాదించేవారు కాదు.

అది ఆర్మూర్‌లో, పెర్కిట్ పోయే రోడ్డు మీద ఉన్న ఒక పసుపు కంపెనీ. రైతుల దగ్గర ఎండు పసుపు కొని, పాలిష్ పట్టి, కొంత పొడి చేసి, కొంత కొమ్ములుగానే బయటికి పంపుతుంది. వెనక మిల్లు, ముందు ఆఫీసు, గేటు పక్కన లారీలను తూచే పెద్ద కాంటా. మిల్లుకూ ఆఫీసుకూ మధ్య గోడ ఉంది గానీ పసుపుకు ఆ సంగతి తెలియదు. కీబోర్డు సందుల్లో, మౌసు కింద, ఫ్యాను రెక్కల మీద అదే రంగు. ఏ కంప్యూటర్ మూత తీసినా లోపల పండగనాటి గడపలా ఉంటుంది. ఆ గడపలన్నిటినీ తుడవడం, వాటి లోపలి జబ్బులు కనిపెట్టడం దయానంద్ ఉద్యోగం. సిస్టమ్స్ విభాగం అని తలుపు మీద రాసి ఉంటుంది. విభాగం అంటే అతనొక్కడే.

అకౌంట్స్ చూసే బాబురావు రిటైర్మెంట్‌కు దగ్గర పడిన మనిషి. ఆయన ప్రింట్ నొక్కుతాడు. ఒక ఊపిరి వదిలేలోపు కాగితం రాకపోతే మళ్ళీ నొక్కుతాడు. ఇంకోసారి. ఆ తర్వాత ప్రింటర్‌ను ఆపి, వేసి, పక్కలో ఒకటి చరిచి, దయానంద్‌కు ఫోన్ చేస్తాడు. దయానంద్ వచ్చి వెనక నిలబడతాడు. అప్పుడు బాబురావు, బడికి ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజున పిల్లవాడిలాగా, నిటారుగా కూర్చుని, ఒకే ఒక్కసారి నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుంటాడు. కొంచెం సమయం చిక్కిన ప్రింటర్ కాగితం వదులుతుంది.

"చూసినవా!" అంటాడు బాబురావు. "నువ్వు రాంగనే నడిచింది. దీనికి నీ భయమున్నదయ్యా."

భయం ఎవరికుందో దయానంద్‌కు తెలుసు. బిల్లులు కొట్టే తారకు కూడా అంతే. అతను పక్కన లేకపోతే పాస్‌వర్డ్ తప్పుగా కొడుతుంది, ఉంటే ఒక్కో అక్షరం చూసుకుని కొడుతుంది. యంత్రాలు కాదు, చూసే మనిషి ఉన్నాడని చేతులు నెమ్మదిస్తున్నాయి. అతను ఈ విషయం ఎవరికీ చెప్పలేదు. చెబితే వాళ్ళు నొచ్చుకుంటారని ఒక కారణం. ఆ కారణం కింద ఇంకొకటి ఉంది. చెబితే నేర్చుకుంటారు. నేర్చుకుంటే పిలవరు. తనలోని ఈ రెండో కారణాన్ని దయానంద్ ఒకసారి, మూత తీసిన కంప్యూటర్‌లోకి చూసినంత స్పష్టంగా చూశాడు. చూసి, మూత పెట్టేశాడు.

అతనికి మనుషులు తక్కువ. మాట కలపడం చాతకాదు. పనిపడి పిలిస్తే మాత్రం పోగలడు. పెళ్ళికి ముందు కొన్నాళ్ళు హైదరాబాద్‌లో ఫోన్లో సమస్యలు తీర్చే ఉద్యోగం చేశాడు. అక్కడ అతను ఒక గొంతు. ఎవరూ అతని ముఖం చూడలేదు, అతనూ ఎవరి ముఖం చూడలేదు. ఒకనాడు అద్దంలో తనను చూసుకుని, ఈ మనిషికి ఆ గొంతు ఉంటుందని తానే అనుకోలేకపోయాడు. వారంలో ఆర్మూర్ వచ్చేశాడు. ఇక్కడ బాబురావు చరిచిన ప్రింటర్ పక్కన నిలబడినప్పుడు, తాను ఫలానా చోట ఉన్నానని అతనికి రూఢిగా తెలుస్తుంది.

అయితే పైకి మాత్రం విసుక్కునేవాడు. విసుక్కోవడానికి కొదవ లేదు. స్నానం చేస్తుంటే తార, అన్నం కలుపుతుంటే కాంటా దగ్గర కూర్చునే నరహరి. ఆదివారం చర్చిలో పాస్టర్ కళ్ళు మూసుకొమ్మనగానే జేబులో బాబురావు మోగేవాడు.

"దేవునికి గూడ గిన్ని మొరలు రావు," అనేది భార్య ఎస్తేరు. ఆమె సర్కారు దవాఖానలో నర్సు. "ఆయన కనీసం లేసి ఉరకడు."

ఇలా ఉండగా కంపెనీలో టికెట్లు వచ్చాయి.

హైదరాబాద్ ఆఫీసులో ఐటీ మొత్తం చూసే స్నేహలత వీడియోలో కనిపించి అన్ని బ్రాంచ్‌లకూ చెప్పింది. "ఇకమీదట సిస్టమ్స్ వాళ్ళకు ఎవరూ ఫోన్ చేయకూడదండి. సమస్య వస్తే ఈ పేజీలో రాయండి. దానికి ఒక నంబర్ వస్తుంది. దాన్నే టికెట్ అంటాం. సమస్య తీరాక కారణం ఏంటి, పరిష్కారం ఏంటి అని కూడా మీరే రాసి మూసేయాలి."

"బస్సు టికెటా, సిన్మా టికెటా?" అని బాబురావు తారను అడిగాడు. మైకు ఆపడం మరిచిపోయి అడిగాడు కాబట్టి అన్ని బ్రాంచ్‌లూ నవ్వాయి.

తర్వాత స్నేహలత దయానంద్‌తో విడిగా మాట్లాడింది. ఆమెది మర్యాదైన గొంతు. "కొన్ని నెలలు చూస్తాం దయానంద్ గారు. టికెట్లు మరీ తక్కువున్న బ్రాంచ్‌కు ప్రత్యేకంగా ఒక మనిషి ఎందుకని పైవాళ్ళ ఆలోచన. అలాంటివి ఇక్కడినుంచే చూసుకుంటాం. మీకైతే ఇబ్బంది లేదులెండి. మీకు చాలా పని అని విన్నాను."

దయానంద్ ఇంటికొచ్చి ఎస్తేరుకు చెప్పాడు.

"నీకేం ఫికర్?" అంది ఎస్తేరు. "నీ ఫోన్ మోగినన్ని సార్లు మా దవాఖాన బెల్లు గూడ మోగదు. అయినా కొలువు పోతే మా జయరాజ్ అన్న ఖతార్‌కు రమ్మనే అంటుండు గద."

"ఎక్కడికీ పోను," అన్నాడు దయానంద్, అనుకున్నదానికంటే గట్టిగా.

మరునాటినుంచి ఫోన్ ఆగిపోయింది. దయానంద్ తన గదిలో, తెర మీద ఆ పేజీ తెరిచి, టికెట్ల కోసం ఎదురుచూశాడు. పేజీ తెల్లగా ఉంది. సమస్యలు ఆగిపోయాయా అంటే అదీ లేదు. తార వచ్చి గుమ్మంలో నిలబడి నవ్వేది, ఏమీ అనేది కాదు. అతను లేచి ఆమె వెంట పోతే తెర బిగుసుకుని ఉండేది. నరహరి కిటికీ పక్కనుంచి దగ్గుకుంటూ అటొకసారి, ఇటొకసారి పోయేవాడు. బాబురావు చాయ్ తాగుదాం రమ్మని కబురు పెట్టేవాడు. పోతే చాయ్‌కి దారి ప్రింటర్ పక్కనుంచే ఉండేది. ఫోన్ చేయొద్దని మేడం చెప్పింది, చేయడం లేదు. ఆ ఆఫీసులో ఒక నియమాన్ని ఇంత నిష్ఠగా పాటించడం దయానంద్ ఎప్పుడూ చూడలేదు.

నెలాఖరుకు స్నేహలత ఫోన్ చేసింది. "ఆర్మూర్ నుంచి ఒక్క టికెట్ కూడా లేదండి. నిజంగా మీ దగ్గర అంతా బాగానే ఉందా?"

"బాగా ఏం లేదు మేడం," అన్నాడు దయానంద్ ఆదరాబాదరాగా. "మస్తు సమస్యలున్నయి." ఆ మాట అన్నాక, జీవితంలో మొదటిసారి తన పనితనాన్ని తానే దూషించుకున్నట్టు అనిపించింది.

"ఉంటే కనిపించాలి కదండి," అందామె.

అతను తార దగ్గరికి పోయాడు. నరహరి అక్కడే ఉన్నాడు, కాంటా చీటీలు ఇవ్వడానికి వచ్చి.

"టికెట్ ఎందుకేస్తలేరు మీరు?"

తార ముఖం చిన్నబుచ్చుకుంది. పేజీ తెరిచి వేలితో చూపించింది. "గిది చూడన్నా. నేను రాసి నొక్కంగనే ఏమొస్తదో. బాధ్యుడు: దయానంద్. పక్కన ఎర్రచుక్క. గా చుక్క హైదరాబాద్‌ల అందరికీ కనవడ్తదంట. నా చేతులతోటి నీ పేరుకు ఎర్రచుక్క పెట్టాల్నా?"

"గది ఉట్టి గుర్తు చెల్లే. పని అయినంక పచ్చగైతది."

"అయితదేమో. ముందైతే ఎర్రగుంటది గద."

"జర నా తానకు రా అన్నా అని పిలిస్తే అర్థముంది," అన్నాడు నరహరి. "మనిషి ఎదురుంగ ఉండంగ పైకి చాడీలు చెప్పుడేందే? గదేం ఇజ్జత్?"

బాబురావు తన కుర్చీలోంచే కలగజేసుకున్నాడు. "నేనైతే వెయ్యనంటే వెయ్య. నా సర్వీసుల ఒక్కని మీద గూడ పైకి రాయలేదు."

 తనమీద ఇంత ప్రేమ ఉందని తెలియడం, ఆ ప్రేమే తన కుర్చీని తీసేస్తోందని తెలియడం ఒకేసారి జరిగాయి. దేనికి స్పందించాలో లోపల తేలక, దయానంద్ అరిచాడు. "మీరు రాయకుంటే నన్ను తీసేస్తరు!"

సంగతంతా విడమరిచి చెప్పాడు. ముగ్గురూ విన్నారు.

"అంటే," అన్నాడు బాబురావు నెమ్మదిగా, "నీమీద రాస్తేనే నువ్వుంటవ్."

"నామీద కాదు సార్, మెషీన్ మీద."

"మెషీన్ పేరు ఏడున్నదయ్యా దాంట్ల? నీ పేరే ఉన్నది." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సరే. నీ కోసం గీ పాపం గూడ చేద్దాం."

ఆ మధ్యాహ్నం నుంచే పాపం మొదలైంది. దయానంద్ తెర మీద టికెట్లు వానలా పడ్డాయి. అతను ఒక్కొక్కటీ చదివాడు. తార రాసింది: "సమస్య: బిల్లు రాలే. కారణం: తెల్వది. పరిష్కారం: అన్న వచ్చిండు." ఇంకొకటి: "సమస్య: అదే. కారణం: అదే. పరిష్కారం: మల్ల అన్ననే." బాబురావుకు పైకి రాసే కాగితం అనగానే భాష మారుతుంది. ఆయన రాశాడు: "సమస్య: ముద్రణా యంత్రము స్తంభించినది. కారణం: ఎరుగము. పరిష్కారం: శ్రీ దయానంద్ గారు వెనుక నిలిచినంతనే యథావిధిగా నడిచినది. ఇటువంటి ఉద్యోగి లభించుట సంస్థ అదృష్టము."

నరహరి ఒక్కడే ఏమీ రాయలేదు. రెండు రోజులు ఆలోచించి వచ్చాడు. "నా కాంటా ఖరాబైతలేదన్నా. ఏం రాయాలె?"

"కాకపోతే రాయకు."

"అందరు రాస్తున్రు, నేనే రాయలేదంటే మంచిగుంటదా? కాని అబద్ధం రాయలేను. కాంటా మీద కూసునేటోడు అబద్ధం రాసిండంటే రేపు రైతు నమ్ముతడా?"

అన్నాడు, పోయాడు. మరునాడు అతని దగ్గరినుంచి టికెట్ వచ్చింది: కాంటా బరువు కంప్యూటర్‌లోకి రావడం లేదని. దయానంద్ పోయి చూశాడు. కాంటాకూ కంప్యూటర్‌కూ మధ్య తీగ ఊడి ఉంది. పెట్టి, రెండు వైపులా స్క్రూలు బిగించి వచ్చాడు. తర్వాతి రోజు మళ్ళీ టికెట్, మళ్ళీ అదే తీగ. మూడోసారి పోయినప్పుడు నరహరి చొక్కా జేబులోంచి స్క్రూడ్రైవర్ పిడి కనిపించింది. నరహరి చూపు తిప్పుకున్నాడు. అతని ముఖంలో దొంగతనం లేదు. అబద్ధం రాయకుండా స్నేహితుడికి సాయపడే దారి దొరికిన మనిషి ప్రశాంతత ఉంది. ముందు నిజంగా పాడుచేసి, ఆ తర్వాత నిజమే రాస్తున్నాడు.

వద్దని చెప్పడానికి దయానంద్ నోరు తెరిచాడు. తీగ బిగించి, "జర పైలం," అని మాత్రం అని వచ్చేశాడు. ఇంకో మూత పెట్టేశానని దారిలో అనుకున్నాడు.

మార్చిలో పసుపు రాక ఊపందుకుంది. గేటు దగ్గరినుంచి రోడ్డు దాకా ట్రాక్టర్లు, లారీలు. సరిగ్గా ఆ రోజుల్లోనే స్నేహలత స్వయంగా వచ్చింది. ఒక్క టికెట్ లేని బ్రాంచ్ ఉన్నట్టుండి అన్ని బ్రాంచ్‌లకంటే పైకి ఎందుకు పోయిందో చూడాలంది. తెల్లటి డ్రెస్సులో దిగింది. ఆఫీసంతా ఒకసారి తిరిగేసరికి అది లేత పసుపు పచ్చగా మారడం మొదలైంది.

ఆమె తార దగ్గర కూర్చుని బిల్లులు చూస్తుండగా గేటు దగ్గర గోల వినిపించింది. దయానంద్ పరుగెత్తాడు. కాంటా మీద పసుపు బస్తాల లారీ నిలబడి ఉంది. కంప్యూటర్ తెర మీద బరువు లేదు. చేత్తో రాసుకునే వీలు లేకుండా హైదరాబాద్ వాళ్ళు ఆ దారి ఎప్పుడో మూసేశారు. వెనక బండ్లన్నీ హారన్లు కొడుతున్నాయి.

"ఏంది సారూ," అని అరిచాడు వేల్పూర్ నుంచి ట్రాక్టర్ తెచ్చిన ఒక రైతు, "కంప్యూటర్‌కు గూడ పసుపు వెట్టిన్రా? లగ్గం ఎప్పుడు?"

"లగ్గమైనంక తూస్తరంట, అందాక కూసో," అన్నాడు వెనక ట్రాక్టర్ మీదినుంచి ఇంకొకడు.

నరహరి లేచి ఎదురొచ్చాడు. "అన్నొచ్చిండు, అన్నొచ్చిండు, జరుగున్రి," అని దారి చేశాడు. దయానంద్ కంప్యూటర్ వెనక నిలబడ్డాడు. తార వచ్చింది. బాబురావు ఆఫీసు మెట్ల మీదినుంచి మెడ చాచాడు. అందరూ తెర వైపు కాకుండా దయానంద్ వైపు చూస్తున్నారు. తెర మీద బరువు రాలేదు.

"ఇంకింత దగ్గరికి జరుగన్నా," అన్నాడు నరహరి నిజంగానే.

దయానంద్ జరిగాడు. ఎందుకు జరిగాడో అతనికి తెలియదు. యంత్రాలు తనకు భయపడవని ఆ ఊళ్ళో తెలిసినవాడు అతనొక్కడే. ఆ ఒక్కడు కూడా ఇప్పుడు జరిగి, ఏమైనా అవుతుందేమోనని ఒక క్షణం ఆగి చూశాడు.

తర్వాత వంగి తీగ బయటికి తీశాడు. రోజూ విప్పి బిగించిన తీగలో ఒక పిన్ను విరిగి కంప్యూటర్ లోపలే ఇరుక్కుంది. తల ఎత్తితే నరహరి ముఖం పాలిపోయి ఉంది. అతని వెనక స్నేహలత ఉంది.

"ఏమైందండి?"

"పిన్ను విరిగింది మేడం. పాతదైంది తీగ."

కొత్త కంప్యూటర్లకు ఆ తీగ పట్టే రంధ్రం ఉండదు. స్టోరులో మూలన పడేసిన పాత కంప్యూటర్ ఒకటుందని గుర్తొచ్చి, తార, అతను చెరోవైపు పట్టుకుని మోసుకొచ్చారు. డబ్బాలో మిగిలిన వేరే తీగ దొరికింది. కొంతసేపటికి బరువు వచ్చింది. ట్రాక్టర్ మీది రైతు ఈల వేశాడు. "అగో, తాళి పడ్డది!"

సాయంత్రం కారెక్కే ముందు స్నేహలత దయానంద్‌ను పక్కకు పిలిచింది. "ఆ తీగ పాతది కాదు. స్క్రూల మీద గీతలు కొత్తవి. నేనేం అడగను లెండి."

దయానంద్ చేతికంటిన పసుపు దులుపుకున్నాడు.

"మీ బ్రాంచ్ టికెట్లన్నీ చదివాను. ఇంత చదివించిన టికెట్లు ఇంకెక్కడా లేవు." నవ్వింది. అందులో వెక్కిరింత లేదు. "వేరే బ్రాంచ్‌ల టికెట్లలో మెషీన్లుంటాయి. ఇక్కడ ఒక్కదాంట్లోనూ మెషీన్ లేదు. అన్నిట్లో మీరే ఉన్నారు."

"అది మంచిదే కద మేడం?"

"మీకు మంచిదే. కంపెనీకి ప్రమాదం. రేపు మీకు జ్వరమొస్తే పసుపు తూయడం ఆగిపోవాలా? వీళ్ళకు రిపేరు అవసరం లేదండి. మీరు పక్కన లేకపోవడం అలవాటు కావాలి."

ఆమె చెప్పింది నిజం కావడం అతనికి నచ్చలేదు. తనకు తెలిసిందే ఇంకొకరి నోట వింటే అవమానంలా ఎందుకు ఉంటుందో ఆలోచిస్తూ ఇంటికి పోయాడు.

వారానికి ఉత్తరువు వచ్చింది. ఆర్మూర్ బ్రాంచ్‌లో సిస్టమ్స్ కుర్చీ ఉండదు. దయానంద్ ఉద్యోగం ఉంటుంది, జీతం ఉంటుంది, ఆర్మూర్ కూడా ఉంటుంది. ఇంట్లో కూర్చుని, తెర మీదినుంచే అన్ని బ్రాంచ్‌లకూ పని చేయాలి, టికెట్లు కూడా ఇక తనే మూయాలి. దీన్ని రిమోట్ అంటారు. బ్రాంచ్‌కు స్వయంగా పోతే ఆ పోవడాన్ని అతని వైఫల్యంగా లెక్కిస్తారు. ఆర్మూర్ బ్రాంచ్‌కైతే ముందుగా అనుమతి తీసుకుంటే తప్ప అసలే పోకూడదు.

ఎస్తేరు అంతా విన్నది. "ఊరు దాటకుండనే పరదేశం పోయినవ్," అంది. "మా జయరాజ్ అన్నకన్న నయం కాదు. ఆయన రూముల పదిమందన్న ఉంటరు."

ఇంట్లో ముందుగదిలో టేబుల్ వేసుకున్నాడు. ఎస్తేరు డ్యూటీకి, పిల్లలు బడికి పోయాక ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. కంపెనీ ఇంటినుంచి నడిచి పోయేంత దూరమే. డాబా ఎక్కితే మిల్లు రేకులు కనిపిస్తాయి. తార తెర బిగుసుకుంటే అతను ఇక్కడినుంచి దాన్ని పట్టుకునేవాడు. తన తెర మీద బాణం దానంతటదే కదలడం చూసి ఆమె మొదటిరోజు నియమం మరిచి ఫోన్ చేసి అడిగింది. "అన్నా, కదిలేది నువ్వేనా?"

అతను జవాబు చెప్పకుండా బాణాన్ని పైకీ కిందికీ ఆడించాడు.

"తలకాయ ఊపుతున్నవా? అయ్యో," అని నవ్వింది. కొంచెం ఆగి, "చాయ్ తాగినవా?" అని అడిగింది. అతను బాణాన్ని అడ్డంగా ఆడించాడు. తర్వాత చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. హైదరాబాద్‌లో తనకు కనీసం గొంతు ఉండేది. ఇప్పుడు బాణమయ్యాడు.

తార త్వరగానే అలవాటు పడింది. నరహరి స్క్రూడ్రైవర్‌ను ఇంట్లో పెట్టి వచ్చాడు. మిగిలింది బాబురావు. ఆయన ప్రింటర్ రోజూ ఆగింది, రోజూ టికెట్ వచ్చింది. దయానంద్ ఏమేం చేయగలడో అన్నీ చేశాడు. ఎర్రచుక్క అతని పేరు పక్కన రోజంతా వెలుగుతూ ఉండేది. మూడోనాడు స్నేహలత దాని గురించి మర్యాదగా అడిగింది. ఇక్కడినుంచి కాకపోతే హైదరాబాద్‌లోనే ఇంకెవరికైనా అప్పగిద్దామా అంది. ఆ మాటకు అర్థం దయానంద్‌కు తెలుసు. ఈ ముందుగది కూడా పోతుంది. వెంటనే బాబురావుకు ఫోన్ చేశాడు.

"సార్, ఒక్కసారే నొక్కున్రి."

"ఒక్కసారే నొక్కిన."

దయానంద్ ఎదుట తెర మీద బాబురావు నొక్కుళ్ళన్నీ ఒకదాని కింద ఒకటి వరసకట్టి పెరుగుతున్నాయి. ఇక దాచి లాభం లేదనుకున్నాడు. చెప్పేశాడు. "సార్, ప్రింటర్‌ల ఏ లోపం లేదు. మీరు ఆగుతలేరు. నేను వెనక నిలవడితె ఒకసారి నొక్కి ఆగుతరు, అందుకే వస్తది. ఎప్పుడైనా గంతే. నా మహిమ ఏం లేదు."

 ఇన్నేళ్ళు మూతపెట్టి ఉంచిన మాట అది.

బాబురావు విశాలంగా నవ్వాడు. "గంత చిన్నగ చెప్పుకోకు నిన్ను నువ్వు. నలభై ఏండ్ల సంది కొలువు చేస్తున్న, నాకు ఒక్క మీట నొక్కుడు రాదంటవా? నీ చేతిల ఏదో ఉన్నది. నాకెరుకే. నువ్వు రా."

దాచినందుకు ఇన్నాళ్ళు తనను తాను ఎంత చిన్నచూపు చూసుకున్నాడో, అంతా దండగ. ఆ రహస్యాన్ని ఊరికే ఇచ్చినా తీసుకునేవాడు లేడు.

దయానంద్ ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని బయటికి నడిచాడు. గేటు ఎదురుగా, రోడ్డు దాటకముందే ఆగాడు. గేటు లోపలికి పోతే వైఫల్యం. రోడ్డుకు ఇవతల గంగారాం చాయ్ బండి ఉంది. సరిగ్గా దానికెదురుగా, రోడ్డు అవతల, బాబురావు కిటికీ. ఒక చాయ్ తీసుకుని, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

లోపల బాబురావు ప్రింటర్‌ను చరవడానికి చేయి ఎత్తి ఉన్నాడు. ఎందుకో తల తిప్పాడు. చూశాడు. చేయి దిగింది. కుర్చీలో సర్దుకున్నాడు, వీపు నిటారైంది, ఒక వేలు ముందుకొచ్చి ఒక్కసారి నొక్కి వెనక్కి పోయింది. రెండు చేతులూ ఒళ్ళోకి చేరాయి. దయానంద్ చాయ్‌ని ఒక గుటక మింగాడు. కిటికీలో ఒక తెల్లకాగితం పైకి లేచి, జెండాలా ఊగింది.

ల్యాప్‌టాప్‌ను చాయ్ బండి చెక్క మీద తెరిచి టికెట్ మూయబోయాడు. పరిష్కరించిన విధానం అని ఒక ప్రశ్న. కింద రెండే జవాబులు: రిమోట్‌గా, బ్రాంచ్‌కు వెళ్ళి. అతను రోడ్డును చూశాడు, గేటును చూశాడు. రిమోట్‌గా అని నొక్కాడు. అతని పేరు పక్కన చుక్క పచ్చబడింది.

అప్పటినుంచి పగటిపూట అతని ఆఫీసు గంగారాం బండి దగ్గరే. గంగారాం అతనికి ఒక స్టూలు కేటాయించాడు గానీ దానిమీద కూర్చుంటే కిటికీలోకి కనిపించడు. ఎస్తేరు ఒకరోజు దవాఖాన నుంచి వస్తూ అతన్ని అక్కడ చూసింది.

"రిమోట్ అంటే రోడ్డు దాటకపోవుడేనా?" అంది.

"గంతే అనుకో."

"మరి నిలవడ్డవేంది? స్టూలున్నది గద."

"నిలవడాలె," అన్నాడు. ఆమె కిటికీనీ అతన్నీ మార్చి మార్చి చూసి, చేతిలోని కూరగాయల సంచి స్టూలు మీద పెట్టి, తనకూ ఒక చాయ్ చెప్పింది.

ఆమె ఉండగానే స్నేహలత నుంచి సందేశం వచ్చింది. బాబురావు గారి ప్రింటర్ సమస్యలన్నీ ఇప్పుడు రిమోట్‌గానే తీరిపోతున్నాయి, చాలా సంతోషం, అని రాసింది. మనం అనుకున్నట్టే వాళ్ళు మీరు పక్కన లేకపోవడానికి అలవాటు పడుతున్నారు, అని ముగించింది. దయానంద్ చాయ్ గ్లాసు చేత్తో పట్టుకునే దాన్ని చదివాడు. ఎదురుగా బాబురావు ఇంకో కాగితం చూపించి బొటనవేలు ఎత్తాడు. ఇతనూ ఎత్తాడు.

అప్పుడు కమ్మర్‌పల్లి వైపు నుంచి వచ్చిన లారీ ఒకటి, మనిషెత్తు పైకి పసుపు బస్తాలతో, గేటు ముందు వరసలో చేరి వాళ్ళిద్దరి మధ్య ఆగింది. కిటికీ మాయమైంది. కొంతసేపటికి దయానంద్ ఫోన్ మోగింది. ఫోన్ చేయకూడదనే నియమం బాబురావు కూడా మరిచిపోయాడంటే అవస్థ పెద్దదే.

"దయానందూ! ఆగింది మల్ల! ఎన్నిసార్లు నొక్కినా..."

"నొక్కకున్రి సార్," అన్నాడు దయానంద్. బస్తాల మీదినుంచి ఏమైనా కనిపిస్తుందేమోనని మునివేళ్ళ మీద లేచాడు. "జర ఓపిక వట్టున్రి. లారీ పోనియ్యున్రి."